బలపరిచినవారు

కోర్టు మెట్లు తొమ్మిదింటిలో ఏడు మునిగిన వరద వచ్చిపోయాక అది మూడో సంవత్సరం. గోడల మీద నీటి చార అప్పటికీ పోలేదు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలేది. ఆ ఏడు ఎండలు తగ్గాక ఉచిత న్యాయ సహాయ సంఘం కార్యవర్గానికి రెండు రోజుల శిక్షణ పెట్టారు. సంఘాన్ని సక్రమంగా నడపడం ఎలాగో నేర్పడానికి పై ఊరి నుంచి ఒక మేడం వస్తోందన్నారు.

పేము కుర్చీలు అల్లే పెద్దాయనకు కూడా కబురొచ్చింది. కార్యవర్గంలో తొమ్మిది మంది. అందులో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు సంఘం దగ్గరికి కక్షిదారుగా వచ్చి సాయం పొందిన మనిషి అయి ఉండాలని నియమం. ఈయన కొట్టు పోకుండా సంఘం వకీలు నిలబెట్టాడు. అందుకని ఆరేళ్ళుగా ఆ స్థానం ఈయనదే.

ఆ పొద్దున పేము బద్దలు తొట్లో నానేసి, కొట్టు తలుపు దగ్గరికి లాగి, రోడ్డు దాటాడు. ఎదురుగా ఇస్త్రీ బండి. ఆవిడ అప్పటికే ఆయన చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఇవాళ బడికి పోతున్నావంట కదా అన్నా?"

"ఊఁ."

"మూడో తరగతి దగ్గర ఆపేసిన చదువు ఇప్పుడు పూర్తి చేస్తావన్నమాట. పలకా బలపం పెట్టుకున్నావా?"

పెద్దాయన నవ్వాడు. చొక్కా ఇంకా వేడిగా ఉంది. జేబులో చెయ్యి పెట్టబోతే ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తి చూపించింది.

"తీశావంటే వాత పెడతా. సంఘానికి తొడుక్కునే చొక్కాకి డబ్బులు తీసుకుంటానా నేను? నాకోసం మాట్లాడిన నోరు నీది. వాళ్ళు వినలేదు, అది నీ తప్పా?"

ఆయన చొక్కా చేత పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత తల ఊపి వచ్చేశాడు.

ఆవిడది ఏటిగట్టు వరుసలో నాలుగో గది. వరదకి గోడలు నానిపోయాయి, బాగుచేసి మళ్ళీ మీకే ఇస్తానని చెప్పి ఇంటాయన వరుసంతా ఖాళీ చేయించాడు. బాగుచేశాడు. మళ్ళీ ఇవ్వలేదు. నాలుగో గదికి తాళం వేసి ఉంటుంది. ఆవిడ, మోకాళ్ళు పనిచెయ్యని తల్లి, పిండిమర వెనక రేకుల కింద ఉంటున్నారు. కిందటేడు సంఘానికి అర్జీ పెట్టుకుంది. పెట్టుకున్న రోజే ఈయన దగ్గరికొచ్చి, "అన్నా, నువ్వు లోపల ఉన్నావు. ఒక్క మాట చెప్పు" అంది. మీటింగు అయ్యాక మళ్ళీ వచ్చింది. ఏమైందంది.

"ఒప్పుకోలేదమ్మా" అన్నాడాయన.

అంతే. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఏడాదిగా చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది.

మీటింగు గది మేడమీద. బల్ల చుట్టూ ఉన్న తొమ్మిది కుర్చీలూ పెద్దాయన అల్లినవే. మేడం కోసం పదో కుర్చీ ఎక్కడినుంచో తెచ్చారు. దాని అడుగు కుంగిపోయి ఉంది. ఆవిడ కూర్చుంటే ఎటు ఒరుగుతుందోనని ఆయన చూపు దానిమీదే ఉంది. ఆవిడ కూర్చోలేదు. నల్లబల్ల దగ్గర నిలబడింది.

"ఈ సంఘాన్ని నడిపేదెవరండీ?" అంది మొదటిమాటగా.

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కండువా సర్దుకున్నాడు.

"చూశారా" అంది మేడం. "అడిగింది మిమ్మల్ని. చూసింది ఆయన్ని. మనం రెండు రోజులు మాట్లాడుకోబోయేది ఇదే."

నవ్వారు. మేడం సుద్ద తీసుకుని, చదవకుండా సంతకం పెట్టకూడదని రాసింది. దాని కింద, తనకు లాభనష్టాలున్న విషయం బల్లమీదికి వస్తే ఆ సంగతి చెప్పి, లేచి బయటికి పోవాలని రాసింది. పెద్దాయన కూడబలుక్కుని చదువుకున్నాడు. మిగతావాళ్ళు కాగితాల మీద ఎక్కించుకున్నారు.

"అందరం లేచిపోతే లోపల ఎవరుంటారు మేడం?" అంది కళ్ళ డాక్టరమ్మ. "చిన్న ఊరు. ప్రతి గోడా ఎవరో ఒకరి చుట్టానిదే."

"ఫ్యాను ఉంటుంది" అన్నాడు ఉపాధ్యక్షుడు. అందరికంటే గట్టిగా నవ్వింది కూడా ఆయనే. ఆయన నోటరీ లాయరు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. సంఘానికి ఏం కావాలన్నా ముందుండేది ఆయనే. వరద రోజుల్లో భుజం లోతు నీళ్ళలో దిగి ఆఫీసు ఫైళ్ళు మోశాడు. అది ఎవరూ మర్చిపోలేదు. ఆయనా మర్చిపోనివ్వలేదు.

మధ్యాహ్నం మేడం గుమాస్తాని పిలిచి మినిట్స్ పుస్తకం తెమ్మంది. అధ్యక్షుడు కొంచెం ఇబ్బందిగా కదిలాడు. కల్పించిన ఉదాహరణలతో చెప్తే బాగుంటుందేమో అన్నాడు. మేడం, "కల్పించినవైతే అందరూ మంచిగానే నడుపుతారండీ" అని పుస్తకం తెరిచింది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. గట్టిగా చదవాలి. ఆ రోజు ఎవరు ఏం అడిగారో, ఎవరు కాదన్నారో గుర్తున్నంతవరకు చెప్పాలి.

పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. డాక్టరమ్మకు కొత్త బీరువా తీర్మానం పడింది. ఇంకొకరికి వకీళ్ళ జాబితా. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ కాదనలేదు. ప్రతి పేజీ చివరా ఏకగ్రీవం.

"మౌనం అర్ధాంగీకారం అంటారు" అంది మేడం. "మీ దగ్గర పూర్తి అంగీకారం చేసేశారు."

పుస్తకం పెద్దాయన ముందుకొచ్చింది. మేడం చేతికందిన పేజీ తిప్పి పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలు అక్షరాల కింద పెట్టి, పేము బద్ద బెజ్జంలోకి దూర్చినట్టు, ఒక్కో మాటే లాగాడు.

"ఏటిగట్టు... వరుస గదుల... విషయమై వచ్చిన అర్జీలు... సంఘం... చేపట్టరాదని... తీర్మానించడమైనది."

వేలు ఆగింది. ఆయన చదువుకు సమయం పడుతుందని అందరికీ తెలుసు. ఓపిగ్గా ఉన్నారు.

"ప్రతిపాదించినవారు, ఉపాధ్యక్షులు. బలపరిచినవారు..."

తర్వాతి మాట చదవలేదు. కళ్ళతో మాత్రం చదివాడు. కక్షిదారుల ప్రతినిధి. అంటే తనే. పక్కన సంతకమూ తనదే. మీటింగు చివర గుమాస్తా పుస్తకం తెచ్చి వేలితో చూపించిన చోటల్లా ఆయన సంతకం పెడతాడు. ఆరేళ్ళుగా అంతే.

"మీరే కదండీ?" అంది మేడం, తలొంచి చూసి. "ఎందుకు బలపరిచారు?"

ఆయన వేలు ఆ సంతకం మీదే ఉంది.

"పెద్దాయన తక్కువ మాట్లాడతారు మేడం" అని అధ్యక్షుడు అందుకున్నాడు. "మా దగ్గర ఒక ఆనవాయితీ. ఏ తీర్మానమైనా చివర ఆయన వైపు చూస్తాం. ఆయన తల ఊపితే బలపరిచినట్టు రాసుకుంటాం. కక్షిదారుల మనిషే బలపరిస్తే దానికో విలువ. ఆరేళ్ళలో ఒక్కసారీ అడ్డం ఊపలేదు."

నవ్వారు. ప్రేమగానే నవ్వారు.

పెద్దాయన ఎవరు ఏం చెప్పినా చివర తల ఊపుతాడు. కొట్లో అలవాటు. కుర్చీ తెచ్చినవాళ్ళు దాని కథంతా చెప్తారు. ఎవరు కూర్చుంటే విరిగిందో, ఎంత పాతదో, తాతగారిదో మామగారిదో. విన్నానని తల ఊపుతాడు. అంతకుమించి దానికి అర్థం లేదు. ఆ రోజు కూడా నోటరీ లాయరు చెప్పడం అయిపోయాక ఊపాడు. ఇస్త్రీ ఆవిడ మాట నోటిదాకా వచ్చి ఉంది. ఇంగ్లీషు ముక్కలు, సెక్షన్ల నంబర్లు దొర్లిపోతుంటే ఎక్కడ ఆపాలో తెలియలేదు. ఇంతలో అయిపోయిందన్నారు.

తన తల మీద ఇంత కథ నడుస్తోందని ఆయనకు తెలీదు. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

"ఈ విషయంలో ఎవరికైనా లాభనష్టాలు ఉన్నాయా? ఆ రోజు ఎవరైనా చెప్పారా?" అని మేడం బల్ల చుట్టూ చూసింది.

నోటరీ లాయరు పెన్ను మూత తిప్పుతున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బండి దాటక తప్పదు.

"ఏం నేర్పారన్నా?"

"కూర్చోవడం."

"అయ్యో రాత! ఊరందరినీ కూర్చోబెట్టేవాడివి, నీకు కూర్చోవడం నేర్పాలా?" ఆవిడ నవ్వి, బొగ్గు మీద బూడిద ఊదింది. "పొద్దున గట్టు మీదినుంచి వచ్చాను. నా గది కిటికీ రెక్క ఊడింది. గాలికి కొట్టుకుంటోంది. ఎవరి గదో, నాకెందుకని వచ్చేద్దామనుకున్నా. చెయ్యి ఊరుకోలేదు, చీర పీలికతో కట్టేసి వచ్చాను."

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే ఇంకొకరి దుప్పటి పరిచి నీళ్ళు చిలకరిస్తోంది.

రెండో రోజు తెల్లారగానే కొట్టు తీశాడు. శిక్షణ తొమ్మిదిన్నరకి. ఈలోపు ఒక సీటు పూర్తి చెయ్యొచ్చు. నిలువు పోగులు, అడ్డం పోగులు నిన్నే పడ్డాయి. మూల నుంచి మూలకి ఏటవాలుగా వేసే ఐమూలలు మిగిలాయి. బద్ద నాలుకలా మెత్తబడితేనే లోపలికి వెళ్తుంది. ఎండితే విరుగుతుంది, మరీ నానితే సాగి తర్వాత కుంగుతుంది. వేళ్ళకు తెలుస్తుంది. బెజ్జంలో చీల దిగేసి, బద్ద బిగలాగి, ఇంకో బెజ్జంలోకి.

కుర్చీ నోటరీ లాయరు ఆఫీసుది. పోయిన నెల దాన్ని తేవడానికి తనే వెళ్ళాడు. అప్పుడు ఎదురు కుర్చీలో ఏటిగట్టు ఇంటాయన కూర్చుని ఉన్నాడు. బల్లమీద స్టాంపు కాగితాలు. "వరుసంతా ఒకే పత్రంలో రాసేద్దాం, బావా" అంటున్నాడు లాయరు. పెద్దాయన విన్నాడు. తల ఊపి, కుర్చీ భుజాన వేసుకుని వచ్చాడు.

ఐమూల బద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎండుతోందని చూసుకోలేదు. లాగితే ఫెళ్ళుమని విరిగింది. ఏళ్ళైంది ఆయన చేతిలో బద్ద విరిగి.

ఆ రోజు మేడం అందరికీ ఒక్కో చీటీ ఇచ్చింది. ఊళ్ళో తమకున్న ఆస్తులు, దగ్గరి చుట్టాలు, తాము పనిచేసిపెట్టే మనుషులు, వీటిలో సంఘం పనికి తగిలేది ఏదైనా ఉంటే రాయమంది. నోటరీ లాయరు వెంటనే రాసి మడిచి ఇచ్చాడు. మేడం అందరివీ గట్టిగా చదివింది. ఆయనది ఒక్క ముక్క. ఏమీ లేవు.

పెద్దాయన ఆయన వైపు చూశాడు. లాయరు కూడా చూశాడు. చిన్నగా నవ్వాడు, రోజూ నవ్వేలాగే.

అప్పుడు చెప్పాల్సింది. ఏడుగురు చూస్తుండగా, బావా అన్న మాట నా చెవులతో విన్నానని చెప్పాల్సింది. నోరు తెరవడం అలవాటు లేనివాడికి తెరవాల్సిన రోజున తలుపు బిగుసుకుని ఉంటుంది.

టీ ఇచ్చినప్పుడు మేడం కిటికీ దగ్గర ఒంటరిగా ఉంది. పెద్దాయన గ్లాసు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఆవిడ మాట్లాడేదాకా ఆగాడు.

"చెప్పండి పెద్దాయనా."

"నిన్నటి పేజీ. నేను బలపరచలేదమ్మా. తల ఊపాను."

"తెలుసండీ. నాకు నిన్నే అర్థమైంది."

"నా పేరు తీసెయ్యమని అడగొచ్చా?"

"అడగొచ్చు. పొరపాటున రాశారని సవరణ పెట్టించుకోవచ్చు. అది మీ హక్కు."

ఆయన టీ తాగలేదు. "మరి ఆ తీర్మానం? అది మారదా?"

మేడం సంచిలోంచి సంఘం నియమావళి తీసింది. పల్చటి పుస్తకం. పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ముఖం మారింది.

"మారుతుంది. తీర్మానాన్ని తిరగదోడమని ఏడాదిలోపు అడిగితే, మళ్ళీ మీటింగులో పెట్టి తీరాలి. కానీ ఎవరు పడితే వాళ్ళు అడగడానికి లేదు. ప్రతిపాదించినవాళ్ళయినా అడగాలి, బలపరిచినవాళ్ళయినా అడగాలి. వాళ్ళిద్దరే."

పెద్దాయనకు అది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"లాయరుగారు అడగరు" అన్నాడు.

"అడగరు. ఇక మీరు." ఆవిడ గొంతు తగ్గించింది. "కాకపోతే నేను బలపరచలేదని మీ పేరు తీయించుకుంటే, అడిగే హక్కు కూడా దాంతోపాటే పోతుంది. అవును, ఆ రోజు బలపరిచింది నేనే, అది తప్పని ఇప్పుడు అంటున్నాను అని మీ పేరు మీద రాసివ్వాలి. దాన్ని నోటీసుబోర్డు మీద కూడా పెడతారు."

"ఎన్నాళ్ళుంది?"

"పదకొండు రోజులు."

"అడిగితే గది వస్తుందా?"

"వాళ్ళ అర్జీ మళ్ళీ బల్లమీదికి వస్తుంది. అంతవరకే నేను చెప్పగలను. ఎనిమిది మంది ఎటు చెయ్యెత్తుతారో నాకు తెలీదు." మేడం నియమావళి ఆయన చేతిలో పెట్టింది. "ఎలా నడపాలో నేర్పడానికి వచ్చాను. ఏం చెయ్యాలో చెప్పడానికి కాదు. అది మీరే తేల్చుకోవాలి."

గ్లాసులో టీ చల్లారి పైన మీగడ కట్టింది.

సాయంత్రం ఫొటో తీశారు. సర్టిఫికెట్లు ఇచ్చారు. అధ్యక్షుడు, ఈ రెండు రోజులూ కళ్ళు తెరిపించాయన్నాడు. డాక్టరమ్మ, కళ్ళు తెరిపించడం నా పని అంది. అందరూ మెట్లు దిగుతుంటే నోటరీ లాయరు పెద్దాయన పక్కకు వచ్చి నడిచాడు. చేతిలో సర్టిఫికెట్టు గొట్టంలా చుట్టి ఉంది.

"పెద్దాయనా, ఆ పేజీ గురించి మేడంని ఏదో అడిగారట."

ఆయన నడుస్తున్నాడు.

"మీ బాధ నాకు అర్థమైంది. ఆ ఇస్త్రీ అమ్మాయి మీ ఎదుట బండే కదా. రేపు ఎవరైనా ఆ పుస్తకం చూసి చెప్తే మీకు తలవంపులు. పెద్ద వయసు. మీకెందుకండీ ఈ రొంపి?" లాయరు భుజమ్మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుగా లేదు. "గుమాస్తాకి చెప్తాను. పొరపాటున పడిందని మీ పేరు కొట్టించేస్తా. పొద్దున్నే చేయిస్తా. మీ పేరు కడిగిన ముత్యంలా ఉంటుంది. సరేనా?"

మాట అయిపోయింది. లాయరు ఆయన ముఖంలోకి చూస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆ బల్ల చుట్టూ అందరూ చూసినట్టే.

మెడ దానంతటదే కదలబోయింది. పెద్దాయన గడ్డం ఛాతీకి ఆనించి బిగబట్టాడు. అలా బిగబట్టి ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలీదు. పక్కనుంచి సైకిళ్ళు పోయాయి.

"వద్దు బాబూ" అన్నాడు. "ఉండనీ."

లాయరు చెయ్యి భుజమ్మీదినుంచి దిగింది. "ఏంటి ఉండనిచ్చేది?"

"నా పేరు."

లాయరు కొంచెం దూరం పక్కనే నడిచి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగిపోయాడు.

పెద్దాయన ఆ సాయంత్రం బండి దారిన వెళ్ళలేదు. సందు చుట్టూ తిరిగి ఇంటికి చేరాడు.

దీపాలు పెట్టే వేళకి బల్లపీట ముందేసుకుని కూర్చున్నాడు. తెల్లకాగితం, మేడం ఇచ్చిన పెన్ను. భార్య బియ్యం ఏరుతూ ఓరకంట చూస్తోంది.

"పెళ్ళైన కొత్తలో పుట్టింట్లో మూణ్ణెల్లున్నాను. ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఇప్పుడెవరికయ్యా ఉత్తరం?"

"సంఘానికి."

"అబ్బో! సంఘమ్మ నాకంటే బాగుంటుందా?"

ఆయన నవ్వలేదు. ఆవిడ చేట పక్కన పెట్టింది. ఏమైందంది. ఆయన చెప్పాడు. ఆరేడు ముక్కల్లో చెప్పాడు గానీ అంతా చెప్పాడు. ఇస్త్రీ ఆవిడతో ఒప్పుకోలేదన్న మాట దగ్గర ఆగి, అది కూడా చెప్పాడు.

భార్య ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"అయితే నువ్వు అసలు నోరే విప్పలేదు."

"లేదు."

"అది పండగపబ్బాలకి కూడా బండి ఆపదు. నీ చొక్కా వస్తే మాత్రం బొగ్గు కొత్తది వేస్తుంది. నేను కళ్ళారా చూశాను." ఆవిడ బియ్యంలో చెయ్యి పెట్టి ఊరికే కలిపింది. "కాగితం ఇచ్చెయ్యి. గది వస్తే వస్తుంది. దానికి చెప్పాలా ఏం? పని జరిగితే చాలదా?"

"బోర్డు మీద పెడతారట."

"ఓహో. అందుకు చెప్తావా? ఎలాగూ తెలుస్తుందని?"

పెన్ను కాగితమ్మీద ఆగిపోయింది.

"ఎందుకు చెప్తానో తెలీదే" అన్నాడు చివరికి. "చెప్పాలి."

ఆవిడ లేచి లాంతరు దగ్గరికి జరిపింది. "'తీర్మానం'లో గుడి దీర్ఘం. చూసి రాయి. మళ్ళీ నవ్వుతారు."

నాలుగు వాక్యాలు. మూడు కాగితాలు చిరిగాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బండి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ బొగ్గు రాజేస్తోంది.

"నిన్న ఇటు రాలేదేం అన్నా? పరీక్ష తప్పావా?"

"అమ్మా, ఒక మాట."

ఆయన గొంతుకి ఆవిడ విసనకర్ర ఆపింది.

"కిందటేడు నీ సంగతి వచ్చినప్పుడు నేను మాట్లాడలేదు. నీ అర్జీ తీసుకోవద్దన్న కాగితమ్మీద నా సంతకం ఉంది. వాళ్ళు ఒప్పుకోలేదని నీతో అబద్ధం చెప్పాను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. బొగ్గు ఎర్రబడుతోంది. విసరకపోయినా ఎర్రబడుతోంది.

"మా అమ్మకి చెప్పాను నీ గురించి" అంది. "గట్టు మీద అందరికీ చెప్పాను. మనకోసం లోపల ఒకాయన ఉన్నాడని."

ఆయన నిలబడ్డాడు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు? మాట్లాడలేకపోయాను అంటే అయిపోయేదిగా. నేనేమైనా కొట్టేదాన్నా? ఇంకో వకీలు కాళ్ళు పట్టుకునేదాన్ని. ఏడాది పోయింది. మీరు లోపల మళ్ళీ అడుగుతూనే ఉన్నారనుకున్నాను."

ఇంతకాలం ఎప్పుడూ ఆయన్ని మీరు అనలేదు ఆవిడ. ఆయన జేబులోంచి కాగితం తీసి చూపించాడు. ఆ తీర్మానాన్ని తిరగదోడమని అడుగుతున్నానని, ఇస్తే మళ్ళీ మీటింగులో పెడతారని, అక్కడ ఏమవుతుందో తెలీదని చెప్పాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు.

ఆవిడ కాగితం పట్టుకోలేదు. చేతులకి మసి ఉంది. దూరంనుంచే చూసింది.

"ఇచ్చారా?"

"ఇవ్వాలి."

"మరి ఇక్కడ నిలబడ్డారేం?" అని ఆవిడ మొహం తిప్పుకుని విసనకర్ర అందుకుంది. "వెళ్ళండి. పదింటికి తెరుస్తారు."

సంఘం ఆఫీసు కింద వరండాలో బెంచీ నిండా జనం. తలుపు ఇంకా తియ్యలేదు. పసిపిల్లని ఒళ్ళో వేసుకున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది. పెద్దాయన కూర్చున్నాడు. ముందు ఎనిమిది మంది ఉన్నారు.

పదింటికి గుమాస్తా వచ్చి తలుపు తీశాడు. కిటికీ వెనక కూర్చుని, రిజిస్టరు తెరిచి, తలెత్తి చూస్తే లైనులో పెద్దాయన కనిపించాడు. సగం లేచాడు.

"అదేంటి పెద్దాయనా, మీరు లైనేంటి? లోపలికి రండి. లాయరుగారు ఇందాకే ఫోను చేశారు, మీ పేరు విషయం ఒకసారి మళ్ళీ అడిగి చూడమన్నారు."

"నా వంతు రానీ."

ఒక్కొక్కరూ కిటికీ దగ్గరికి వెళ్ళి తమ గోడు చెప్పుకున్నారు. అక్కడ చాటుగా చెప్పుకునే వీలు లేదు. వరండా మొత్తానికి వినిపిస్తుంది. జీతం ఎగ్గొట్టిన యజమాని. వదిలేసి పోయిన మొగుడు. పెద్దాయన అందరివీ విన్నాడు. పదకొండు దాటింది.

ఆయన వంతు వచ్చింది. కాగితం కిటికీలోంచి లోపలికి పెట్టాడు. గుమాస్తా మొదటి వాక్యం చదివి, కింద సంతకం చూసి, బయటివాళ్ళకు వినపడకుండా అడిగాడు.

"విషయం ఏమని రాసుకోమంటారు?"

"కిందటేడు ఒకావిడ గది విషయంలో తీర్మానం చేశారు" అన్నాడు పెద్దాయన. వెనక బెంచీ మీద చివరివాళ్ళకి కూడా వినపడేట్టు అన్నాడు. "దాన్ని బలపరిచింది నేను. అది తప్పు. రాసుకో."